‘డిస్కు నిండింది’: సర్వర్ లోపనిర్ధారణ, పాఠరక్షణ – ఆటోనగర్ ఉదాహరణలతో ఒక వివరణ

సారాంశం

కళాశాలల తెలుగు శాఖలు, గ్రంథాలయాలు, పరిశోధన పత్రికలు నేడు తమ పాఠాలను, ప్రతుల ఛాయాచిత్రాలను సర్వర్లలో భద్రపరుస్తున్నాయి. సర్వర్ ‘చోటు లేదు’ అని ఆగిపోయినప్పుడు పాతవిగా కనిపించిన దస్త్రాలను తొలగించడం చాలాచోట్ల కనిపించే ప్రతిస్పందన. ఆ ఒక్క సందేశం వెనుక కనీసం ఐదు భిన్న స్థితులు ఉండగలవని, వాటిలో కొన్నింటికి తొలగింపు పరిష్కారమే కాదని ఈ వ్యాసం వివరిస్తుంది. చోటు చాలనప్పుడు తెలుగు పాఠానికి కలిగే నష్టాన్ని పాఠపరిష్కరణ శాస్త్రం దృష్టితో పరిశీలిస్తుంది. 2023లో టొయోటా కర్మాగారాలు నిలిచిపోయిన సంఘటన ఆధారంగా, శుభ్రపరిచే పనికి కూడా చోటు అవసరమని నిరూపిస్తుంది. లోపనిర్ధారణకు ఒక క్రమాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సర్వర్, డిస్కు, లోపనిర్ధారణ, ఐనోడ్, చిట్టా, యూనికోడ్, గ్రంథపాతం, పాఠరక్షణ, ఆటోనగర్.

1. ఉపోద్ఘాతం

విజయవాడ తూర్పు భాగంలో, బందరు రోడ్డుకు దగ్గరగా విస్తరించిన ఆటోనగర్ లారీల మరమ్మతులకు, బాడీల నిర్మాణానికి, విడిభాగాల వ్యాపారానికి పేరుపొందిన ప్రాంతం. అక్కడి షెడ్డుకు వచ్చే డ్రైవరు సాధారణంగా చెప్పే ఫిర్యాదు ‘బండి స్టార్టు కావడం లేదు’ అన్న ఒక్క వాక్యమే. బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు. సెల్ఫ్ మోటారు పాడై ఉండవచ్చు. డీజిలు గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు. ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. ఇన్ని కారణాలకూ పైకి కనిపించే లక్షణం ఒక్కటే. అనుభవం గల మేస్త్రి వెంటనే ఇంజను విప్పడు. సెల్ఫ్ తిరుగుతున్నదా, లైట్లు మసకబారుతున్నాయా, ఇంజనుకు డీజిలు అందుతున్నదా అని ఒక్కొక్కటే అడిగి, చూసి, కారణాలను ఒకటొకటిగా తోసిపుచ్చుతాడు. విప్పడం ఆ తరువాతి పని.

సర్వర్ విషయంలో ‘డిస్కు నిండింది’ అన్నది అటువంటి వాక్యమే. వ్యాకరణరీత్యా చూస్తే ఇందులో ఒక విశేషం ఉంది. ‘నిండు’ అకర్మక ధాతువు. డిస్కు తనంత తానే నిండినట్లు వాక్యం చెబుతుంది, నింపినవారిని చూపదు. లోపనిర్ధారణ అంటే ఈ అకర్మక వాక్యాన్ని సకర్మకంగా మార్చుకోవడమే: ‘డిస్కును ఎవరు నింపారు? దేనితో నింపారు? ఎప్పటినుంచి నింపుతున్నారు?’ కర్త దొరకకుండా చేసిన తొలగింపు తాత్కాలికం. నింపుతున్న ప్రక్రియ అలాగే ఉంటుంది కాబట్టి, ఖాళీ అయిన చోటు మళ్లీ నిండుతుంది. తొలగించిన దస్త్రం మాత్రం తిరిగి రాదు.

సాహిత్య పరిశోధకులకు ఈ విషయం ఎందుకన్న ప్రశ్న సహజం. తాళపత్రాల ఛాయాచిత్రాలు, జానపద గేయాల ధ్వనిముద్రణలు, మాండలిక పద సేకరణలు, సిద్ధాంత గ్రంథాల ప్రతులు ఇప్పుడు సర్వర్లలోనే ఉంటున్నాయి. చాలా శాఖలలో వాటి నిర్వహణ కూడా కంప్యూటర్ శాస్త్రం చదవని అధ్యాపకులమీదనే పడుతున్నది. చోటు చాలని రోజున ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్న నిర్ణయం సాంకేతిక నిర్ణయంగా కనిపించినా, వాస్తవానికి అది ఏ పాఠం మిగలాలి అన్న నిర్ణయం.

2. పరిధి, పరిభాష

ఈ వ్యాసంలోని వివరణ ప్రధానంగా లినక్స్ సర్వర్లకు, వాటిలో విరివిగా వాడే ఈఎక్స్‌టీ4 దస్త్ర వ్యవస్థకు సంబంధించినది. ఆదేశాల పేర్లను ఉచ్చారణననుసరించి తెలుగు లిపిలో ఇవ్వడమైనది. టెర్మినల్‌లో వాటిని ఆంగ్ల అక్షరాలతో, ప్రత్యేకంగా చెప్పనిచోట చిన్న అక్షరాలతో, టైపు చేయాలి.

ఫైలుకు ‘దస్త్రం’ అనే మాట తెలుగులో స్థిరపడుతున్నది. డిస్కు దస్త్రాలకు చోటును నిర్ణీత పరిమాణం గల ముక్కలుగా పంచుతుంది. వీటిని ఇక్కడ ‘ఖండాలు’ అంటున్నాను. ఈఎక్స్‌టీ4లో ఒక ఖండం సాధారణంగా 4,096 బైట్లు. లాగ్ అనే దానికి ‘చిట్టా’ అన్న మాటను స్వీకరించాను. పాత వ్యాపార లెక్కలలో ఏ రోజు జరిగినది ఆ రోజే వరుసగా రాసే పుస్తకం చిట్టా. దాని నుంచి ఖాతాలవారీగా ఎక్కించేది ఆవర్జా. సర్వర్‌లో లాగ్ చేసేది చిట్టా పని, డేటాబేసు చేసేది ఆవర్జా పని. సర్వర్‌లో అనుకోకుండా పెరిగిపోయేది చాలాసార్లు చిట్టాయే కాబట్టి ఈ భేదం లోపనిర్ధారణకు ఉపకరిస్తుంది.

3. ఒకే సందేశం – ఐదు స్థితులు

దస్త్రం రాయడానికి చోటు దొరకనప్పుడు లినక్స్ కెర్నల్ 28వ సంఖ్య గల లోపాన్ని తెలియజేస్తుంది. ‘పరికరంలో చోటు మిగలలేదు’ అన్నది దాని భావం. ఒక వాడుకరికి కేటాయించిన కోటా దాటితే వచ్చే లోపం వేరు. దాని సంఖ్య 122. డిస్కు చదవడానికి మాత్రమే అనుమతించే స్థితికి మారితే వచ్చేది 30. సందేశాన్ని పూర్తిగా చదవడం మొదటి పని అని చెప్పడానికి కారణమిదే. రాయడం కుదరకపోవడం మూడింటిలోనూ సమానమే. చోటు లేకపోవడం మాత్రం సమానం కాదు. 28వ లోపానికే పరిమితమై చూసినా ఈ కింది ఐదు స్థితులు కనిపిస్తాయి.

3.1 ఖండాలు నిజంగా నిండడం

ఇది అందరూ ఊహించే స్థితి. ‘డీఎఫ్ -హెచ్’ ఆదేశం ప్రతి విభాగంలో మొత్తం చోటు, వాడిన చోటు, మిగిలిన చోటు చూపుతుంది. సర్వర్‌లో ఒక్క డిస్కే ఉన్నా విభాగాలు అనేకం ఉండవచ్చు. దస్త్రాలున్న విభాగం సగమే నిండి ఉండగా, చిట్టాలున్న విభాగం పూర్తిగా నిండి సేవ ఆగిపోవచ్చు. అందువల్ల ఏ విభాగం నిండిందో తెలియకుండా చేసే తొలగింపు వ్యర్థం. ఉబుంటు సర్వర్లలో కెర్నల్‌ను భద్రపరిచే చిన్న బూట్ విభాగం పాత కెర్నళ్లతో నిండి, నవీకరణలు ఆగిపోవడం ఇందుకు ఒక ఉదాహరణ. అక్కడ పరిశోధన దస్త్రాలు ఎన్ని తొలగించినా ప్రయోజనం ఉండదు.

నిండిన విభాగం తెలిసిన తరువాత, ‘డీయూ -ఎక్స్’ ఆదేశంతో ఏ సంచయం ఎంత చోటు తీసుకున్నదో పై నుంచి కిందికి చూసుకుంటూ వెళ్లాలి. ‘ఎక్స్’ అన్న సూచన లెక్కను ఆ ఒక్క విభాగానికే పరిమితం చేస్తుంది. నిర్వాహకుని అధికారంతో ఈ ఆదేశం ఇవ్వకపోతే, చదవడానికి అనుమతి లేని సంచయాలు లెక్కలోకి రావు.

3.2 ఐనోడ్లు అయిపోవడం

గ్రంథాలయానికి పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో ఒక వరుస కేటాయిస్తారు. పుస్తకం పదిపుటల కరపత్రమైనా, వేయిపుటల నిఘంటువైనా ఒక్కటే వరుస. ఐనోడ్ అటువంటిది. దస్త్రం ఎవరిది, ఎంత పరిమాణం, ఏ ఖండాలలో ఉన్నది అన్న వివరాలు అందులో ఉంటాయి. ఈఎక్స్‌టీ4లో ఈ రిజిస్టరులో ఎన్ని వరుసలుండాలో డిస్కును సిద్ధపరిచిన రోజే నిర్ణయమవుతుంది. సాధారణ నిర్ణయం ప్రకారం 16,384 బైట్లకు ఒక ఐనోడ్. అంటే 100 గిబీబైట్ల విభాగంలో 65,53,600 ఐనోడ్లు ఉంటాయి.

ఒక మాండలిక పదకోశ ప్రాజెక్టులో ప్రతి పదానికి, ప్రతి ప్రయోగ వాక్యానికి విడివిడిగా ఒక చిన్న దస్త్రం సృష్టించారనుకుందాం. దస్త్రం ఎంత చిన్నదైనా కనీసం ఒక ఖండం, అంటే 4,096 బైట్లు, తీసుకుంటుంది. ఆ లెక్కన 65,53,600 దస్త్రాలు కలిసి ఆక్రమించేది 25 గిబీబైట్లే. డిస్కులో ముప్పాతిక భాగం ఖాళీగా ఉండగానే ‘చోటు లేదు’ అన్న సందేశం వస్తుంది. అల్మారాలు ఖాళీ, రిజిస్టరు నిండుకున్నది. ‘డీఎఫ్ -ఐ’ ఆదేశం మాత్రమే ఈ స్థితిని బయటపెడుతుంది. ఇక్కడ పెద్ద వీడియో దస్త్రాలను తొలగించడం వల్ల మేలు జరగదు. చిన్న దస్త్రాలను ఒక్క కట్టగా చేర్చడం, లేదా డేటాబేసులోకి మార్చడం పరిష్కారం. వెబ్ అనువర్తనాలు వాడుకరుల సందర్శనకొకటి చొప్పున వదిలివేసే తాత్కాలిక దస్త్రాలు కూడా ఇలాగే పేరుకుపోతాయి.

పరిమాణం వేరు, సంఖ్య వేరు అన్న విషయానికి అంతరిక్ష చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 2004 జనవరిలో అంగారకుడిపై దిగిన నాసా రోవర్ ‘స్పిరిట్’, కొద్ది రోజులకే, జనవరి 21న, భూమితో సరైన సంబంధం కోల్పోయి పదేపదే పునఃప్రారంభం కాసాగింది. దాని ఫ్లాష్ స్మృతిలో దస్త్రాలు అధిక సంఖ్యలో పేరుకుపోవడం, వాటి పట్టికను నిలుపుకోవడానికి కావలసిన పనిస్మృతి చాలకపోవడం అందుకు కారణమని తేలింది. ఇంజనీర్లు మొదట ఫ్లాష్ స్మృతిని తాకకుండా యంత్రం లేచేటట్లు చేసి, కారణం నిర్ధారించుకున్న తరువాతనే దస్త్రాలను తొలగించారు.

మన దగ్గరి అనుభవానికి వస్తే, చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ప్రేరణతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టులోనూ, దానితో ముడిపడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోనూ ఒక్కో పుటను ఒక్కో చిత్రదస్త్రంగా భద్రపరిచారు. 300 పుటల గ్రంథం అంటే కనీసం 300 దస్త్రాలు. శాఖాస్థాయిలో ఇటువంటి సంగ్రహాలు నిర్మించేవారు పరిమాణంతో పాటు దస్త్రాల సంఖ్యను కూడా ముందుగానే అంచనా వేసుకోవాలి.

3.3 పేరు పోయి రూపం మిగలడం

‘డీఎఫ్’ డిస్కు నిండిందంటుంది. ‘డీయూ’ లెక్క కూడితే అందులో సగం కూడా రాదు. ఈ వైరుధ్యం ఎదురైనప్పుడు చాలామంది తికమకపడతారు. ఆటోనగర్ షెడ్డులో ఒక లారీకి లెక్క తేల్చి, పేరును పుస్తకంలో కొట్టివేశారనుకుందాం. కాని బండి ఇంకా జాకీలమీదనే ఉన్నది, ఒక పనివాడు దాని కింద పని చేస్తూనే ఉన్నాడు. పుస్తకం చూసినవారికి చోటు ఖాళీ. షెడ్డులోకి వచ్చినవారికి ఖాళీ లేదు. ‘డీయూ’ పుస్తకం చూసి చెబుతుంది. ‘డీఎఫ్’ షెడ్డు చూసి చెబుతుంది.

లినక్స్‌లో తొలగింపు అంటే దస్త్రానికి ఉన్న పేరును తెంచివేయడం మాత్రమే. ఏదైనా ప్రక్రియ ఆ దస్త్రాన్ని తెరిచి ఉంచినంతకాలం ఖండాలు విడుదల కావు. నామం పోతుంది, రూపం మిగులుతుంది. నడుస్తున్న వెబ్ సర్వర్ చిట్టాను తొలగించినప్పుడు జరిగేది ఇదే. చోటు తిరిగి రాకపోగా, ఆ ప్రక్రియ పేరులేని దస్త్రంలోకే రాస్తూ పోతుంది. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1’ ఆదేశం పేరు పోయినా తెరిచి ఉన్న దస్త్రాలను, వాటిని పట్టుకున్న ప్రక్రియలను చూపుతుంది. ఇందులోని ‘ఎల్1’లో ఎల్ పెద్ద అక్షరం. ఆ ప్రక్రియను పద్ధతిగా పునఃప్రారంభిస్తే చోటు విడుదలవుతుంది. చిట్టా పెరిగిన సందర్భంలో దస్త్రాన్ని తొలగించడానికి బదులు ‘ట్రంకేట్’ ఆదేశంతో దాని పరిమాణాన్ని సున్నా చేయడం మేలు. అయితే అంతకు ముందు చివరి భాగాన్ని వేరొక డిస్కులోకి నకలు తీసుకోవాలి. చిట్టా ఎందుకు పెరిగిందో చెప్పే సాక్ష్యం అందులోనే ఉంటుంది.

3.4 కేటాయించి ఉంచిన చోటు

ఈఎక్స్‌టీ4 విభాగంలో 5 శాతం చోటు నిర్వాహకుని కోసం కేటాయించి ఉంటుంది. సాధారణ వాడుకరులకు డిస్కు నిండిన తరువాత కూడా నిర్వాహకుడు లోపలికి వచ్చి సరిదిద్దడానికి ఈ ఏర్పాటు. క్రేను బండి రావడానికి షెడ్డు ముందు కొంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవడం వంటిది. దీనికి తోడు కొలమానాల భేదం ఒకటుంది. తయారీదారు ఒక టెరాబైటు అన్నప్పుడు అది లక్ష కోట్ల బైట్లు. ‘డీఎఫ్ -హెచ్’ 1,024 గుణిజాలలో లెక్కిస్తుంది కాబట్టి అది సుమారు 931 గిబీబైట్లుగా కనిపిస్తుంది. అందులో 5 శాతం పక్కన పెడితే వాడుకరికి మిగిలేది దాదాపు 885. కొన్న డిస్కులో చోటు ‘పోయింది’ అన్న అనుమానం చాలావరకు ఈ లెక్కతో తీరుతుంది. దస్త్రాలకు మాత్రమే ఉద్దేశించిన విభాగంలో ఈ కేటాయింపును ‘ట్యూన్2ఎఫ్‌ఎస్’ ఆదేశంతో తగ్గించవచ్చు. వ్యవస్థ ఉన్న విభాగంలో తగ్గించకపోవడం క్షేమం.

3.5 మరుగున పడిన దస్త్రాలు

ప్రతి రాత్రి బయటి డిస్కులోకి నకలు తీసే ఏర్పాటు ఉన్నదనుకుందాం. ఒకనాడు కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ డిస్కు అనుసంధానం కాలేదు. అనుసంధాన స్థానంలో ఖాళీ సంచయం మాత్రం ఉన్నది. నకలు తీసే కార్యక్రమం ఆ భేదం తెలియక, ప్రధాన డిస్కులోని ఆ సంచయంలోనే దస్త్రాలను నింపింది. మర్నాడు ఎవరో డిస్కును మళ్లీ అనుసంధానించారు. దానితో కింద చేరిన దస్త్రాలు కనుమరుగయ్యాయి, కాని అవి ఆక్రమించిన చోటు అలాగే ఉన్నది. ‘డీయూ’కు అవి కనిపించవు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఏమీ చూపకపోతే ఈ స్థితిని అనుమానించాలి. బయటి డిస్కును కొద్దిసేపు విడదీసి ఆ సంచయాన్ని పరిశీలిస్తే విషయం తేలుతుంది. ప్రధాన డిస్కు నిండడం ఇక్కడ పైకి కనిపించే లక్షణం. అసలు లోపం, ఆ రాత్రి నకలు తీయవలసిన చోట తీయబడకపోవడం.

4. చోటు చాలనప్పుడు పాఠానికి జరిగేది

లోపసందేశం వచ్చిన క్షణంలో రాస్తున్న దస్త్రం గతి ఏమిటన్నది భాషా సాహిత్య పరిశోధకులకు కీలకమైన ప్రశ్న. కొన్ని కార్యక్రమాలు పాత దస్త్రాన్ని ముందు సున్నా చేసి, తరువాత కొత్త పాఠాన్ని రాస్తాయి. సున్నా చేసిన తరువాత చోటు దొరకకపోతే పాతదీ లేదు, కొత్తదీ లేదు. మరికొన్ని కార్యక్రమాలు తాత్కాలిక దస్త్రంలో పూర్తిగా రాసి, అది సఫలమైతేనే పేరు మారుస్తాయి. వీటిలో కనీసం పాత పాఠం మిగులుతుంది. పాఠ సంపాదనకు ఎంచుకునే సాధనం ఏ రీతిలో రాస్తుందో తెలుసుకోవడం అవసరం.

సగంలో తెగిన పాఠం మరింత సూక్ష్మమైన సమస్య. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన ప్రతి సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. ‘ఆటోనగర్’ అన్న మాటలో ఏడు సంకేతాలు ఉన్నాయి: ఆ, ట, ఓత్వం, న, గ, ర, పొల్లు. మొత్తం 21 బైట్లు. ఈ మాట 10 బైట్ల దగ్గర తెగితే ‘ఆటో’ మిగిలి, ఆ తరువాత ‘న’ సంకేతంలోని ఒక్క బైటు విరిగిన ముక్కగా నిలుస్తుంది. తెరమీద అది ప్రశ్నార్థకం ఉన్న గుర్తుగా కనిపిస్తుంది కాబట్టి పాఠకుడు లోపాన్ని పసిగట్టగలడు. అదే 6 బైట్ల దగ్గర తెగితే మిగిలేది ‘ఆట’. అది తెలుగులో నిర్దుష్టమైన మాట. యంత్రానికీ అనుమానం రాదు, పాఠకునికీ రాదు.

పాఠపరిష్కర్తలకు గ్రంథపాతం కొత్త కాదు. తాళపత్రం అంచు విరిగినా, పురుగు తిన్నా, పోయినంత మేర చోటు కంటికి కనిపిస్తుంది. పరిష్కర్త అక్కడ గుర్తు పెట్టి పాఠాంతరాల కోసం వెతుకుతాడు. నిండిన డిస్కులో సంభవించే గ్రంథపాతం తనకు తాను గుర్తు పెట్టుకోదు. దస్త్రం మామూలుగా తెరుచుకుంటుంది, చివరి పుటలు మాత్రం ఉండవు. అందువల్ల డిస్కు నిండిన సంఘటన తరువాత, ఆ సమయంలో మార్పు చెందిన దస్త్రాలన్నింటినీ సున్నా పరిమాణం ఉన్నవేవి, యూటీఎఫ్-8 నియమం తప్పినవేవి, నకలుతో పోలిస్తే కురచైనవేవి అని జల్లెడ పట్టడం మరమ్మతులో భాగంగానే భావించాలి. చోటు దొరికి సేవ తిరిగి నడిచినంత మాత్రాన పని పూర్తికాదు.

డేటాబేసులు ఈ స్థితిలో వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. మైఎస్‌క్యూఎల్ సాధారణంగా రాయడాన్ని నిలిపి, నిమిషానికోసారి చోటు దొరికిందేమోనని చూస్తూ వేచి ఉంటుంది. వాడుకరికి అది కదలక మెదలక ఉన్నట్లు కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ముందస్తు చిట్టా ఉన్న విభాగం నిండితే సర్వరే ఆగిపోవచ్చు. ఆ చిట్టా దస్త్రాలను ‘లాగులే కదా’ అని చేత్తో తొలగించడం ప్రమాదకరం; డేటాబేసు తిరిగి నిలదొక్కుకోవడానికి ఆధారం అవే.

5. శుభ్రపరిచే పనికీ చోటు కావాలి: టొయోటా, 2023

2023 ఆగస్టు 29న జపాన్‌లోని టొయోటా వాహన కర్మాగారాలు పద్నాలుగింటిలో ఉత్పత్తి నిలిచిపోయింది. సైబర్ దాడి జరిగిందన్న ఊహలు వచ్చాయి. సెప్టెంబరు 6న సంస్థ వెల్లడించిన కారణం వేరు. విడిభాగాల ఆర్డర్లను నిర్వహించే సర్వర్లమీద ఆగస్టు 27న క్రమబద్ధమైన నిర్వహణ పని జరిగింది. డేటాబేసులో పేరుకుపోయిన సమాచారాన్ని తొలగించి సర్దుతుండగా, డిస్కులో చోటు చాలక లోపం తలెత్తి వ్యవస్థ ఆగిపోయింది. ప్రత్యామ్నాయ సర్వర్ కూడా అదే వ్యవస్థమీద నడుస్తున్నందున అదీ అలాగే విఫలమైంది. సమాచారాన్ని ఎక్కువ చోటు గల సర్వర్‌కు మార్చిన తరువాతనే పని సాగింది. భాగాలను నిల్వ చేయకుండా అవసరమైన వేళకే తెప్పించుకునే పద్ధతికి పేరుపొందిన సంస్థ అది. ఆర్డర్ల సర్వర్ ఆగితే కర్మాగారం ఆగక తప్పదు.

ఈ ఉదంతంలో రెండు పాఠాలున్నాయి. మొదటిది: తొలగించడం కూడా రాయడమే. తొలగింపు మధ్యలో ఆగితే వెనక్కి తీసుకోవడానికి వీలుగా డేటాబేసు ఆ మార్పులను ముందు తన చిట్టాలో నమోదు చేసుకుంటుంది. లక్షల వరుసలను ఒక్కసారిగా తొలగిస్తే చిట్టా ఆ మేరకు ఉబ్బుతుంది. పట్టికను కుదించి చోటు తిరిగి ఇవ్వమన్నప్పుడు అనేక డేటాబేసులు మొత్తం పట్టికకు కొత్త నకలు రాసి, ఆ తరువాతనే పాతదాన్ని విడుస్తాయి. పట్టిక 40 గిగాబైట్లయితే, మిగిలే వరుసలకు సరిపడా ఖాళీ చోటు ముందే ఉండాలి. రెండవది: అదే పరిమాణం, అదే అమరిక ఉన్న ప్రత్యామ్నాయం ఈ లోపం నుంచి రక్షించదు. ఒక డిస్కును నింపిన సమాచారమే రెండవదానికీ చేరుతుంది కాబట్టి రెండూ ఒకేసారి నిండుతాయి.

ఇదే ప్రశ్న ఆటోనగర్‌లోని ఒక విడిభాగాల దుకాణంలో చిన్న ఎత్తున ఎదురవుతుంది. బిల్లుల సర్వర్ నిండితే ‘పాత సంవత్సరాల బిల్లులు తీసివేద్దాం’ అన్న ఆలోచన ముందు వస్తుంది. కాని కేంద్ర జీఎస్‌టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలపాటు భద్రపరచాలి. కంపెనీలుగా నమోదైన సంస్థల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సవరణను నమోదు చేసే చిట్టా ఉండాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ చిట్టాను ఆపివేయడానికి వీలుండరాదు. అంటే కొన్ని చిట్టాలు పెరగడం లోపం కాదు, చట్టవిధి. ఏది తొలగించదగినదో డిస్కు చెప్పలేదు. ఆ దస్త్రం ఎందుకు ఉన్నదో తెలిసినవారే చెప్పగలరు. దుకాణంలో ఆ తెలిసినవారు లెక్కలు రాసే గుమాస్తా. తెలుగు శాఖలో పాఠాన్ని సేకరించిన పరిశోధకుడు.

6. లోపనిర్ధారణ క్రమం

పై చర్చననుసరించి ఈ కింది క్రమాన్ని ప్రతిపాదించవచ్చు.

(1) సందేశాన్ని పూర్తిగా చదివి, సమయంతో సహా రాసుకోవాలి. అది చోటుకు సంబంధించినదా, కోటాకు సంబంధించినదా, చదవడానికే పరిమితమైన డిస్కుకు సంబంధించినదా అన్నది తేల్చాలి.

(2) ‘డీఎఫ్ -హెచ్’, ‘డీఎఫ్ -ఐ’ రెండూ చూడాలి. మొదటిది ఖండాలను, రెండవది ఐనోడ్లను చెబుతుంది. ఒకటి చూసి రెండవది వదిలివేయరాదు.

(3) నిండిన విభాగంలో ‘డీయూ -ఎక్స్’ లెక్క తీయాలి. అది డీఎఫ్ లెక్కతో సరిపోకపోతే, పేరు పోయిన దస్త్రాలు, మరుగున పడిన దస్త్రాలు అన్న రెండు కారణాలను ఆ వరుసలో పరిశీలించాలి.

(4) నింపుతున్న ప్రక్రియను గుర్తించి ముందు దానిని ఆపాలి. కుళాయి కట్టకుండా తొట్టి తోడడం వల్ల ఫలితం లేదు.

(5) ఊపిరి పీల్చుకోవడానికి కావలసిన కొద్దిపాటి చోటును తిరిగి దొరికే వస్తువుల నుంచే సంపాదించాలి. దిగుమతి చేసుకున్న ప్యాకేజీల నిల్వను ‘ఆప్ట్ క్లీన్’ తొలగిస్తుంది. వ్యవస్థ చిట్టాలను ‘జర్నల్‌సీటీఎల్’ ఆదేశం నిర్ణీత పరిమాణానికి కుదిస్తుంది.

(6) మూలపాఠాలను తొలగించరాదు, తరలించాలి. వేరొక డిస్కులోకి నకలు తీసి, ఎస్‌హెచ్‌ఏ-256 వంటి సరిచూపు సంఖ్యతో రెండు ప్రతులూ ఒకటేనని నిర్ధారించుకున్న తరువాతనే పాతచోటు ఖాళీ చేయాలి. ఇది నకలు రాసిన ప్రతిని మాతృకతో పోల్చి చూసే పాత సంప్రదాయమే.

(7) సేవ తిరిగి నడిచిన తరువాత, నాలుగో భాగంలో చెప్పినట్లు, ఆ వ్యవధిలో మారిన దస్త్రాలను సరిచూడాలి.

7. నివారణ

చిట్టాలకు కాలపరిమితి, పరిమాణ పరిమితి విధించే ‘లాగ్‌రొటేట్’ చాలా సర్వర్లలో సిద్ధంగానే ఉంటుంది. అయితే శాఖ స్వయంగా చేర్చుకున్న అనువర్తనాల చిట్టాలు దాని పరిధిలోకి వాటంతట అవి రావు. వాటిని విడిగా నమోదు చేయాలి. డాకర్‌లో నడిచే అనువర్తనాల చిట్టాలకు సాధారణ అమరికలో పరిమితి లేదన్నది కూడా గమనించాలి. పరిశోధన దస్త్రాలు, డేటాబేసు, చిట్టాలు వేర్వేరు విభాగాలలో ఉంటే ఒకదాని ఉప్పెన మరొకదానిని ముంచదు. 80 శాతం దాటగానే హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేసుకుంటే, ఆలోచించడానికి వ్యవధి ఉంటుంది. ఒకటి రెండు గిగాబైట్ల ఉత్త దస్త్రాన్ని సృష్టించి ఉంచుకుని, అత్యవసర సమయంలో దానిని తొలగించి పనిచోటు సంపాదించుకోవడం అనుభవజ్ఞులు పాటించే తేలికైన ఉపాయం.

వీటన్నిటికంటే ముఖ్యం, ప్రతి సంచయానికి ఒక చిన్న వివరణ పత్రం జతపరచడం. ఇది దేనికి సంబంధించినది, ఎవరు సేకరించారు, మూలప్రతి ఎక్కడ ఉన్నది, మరొక నకలు ఉన్నదా, ఎప్పటివరకు ఉంచాలి అన్న ఐదు విషయాలు అందులో ఉంటే చాలు. సర్వర్ ఆగిపోయిన రాత్రి తొలగింపు నిర్ణయం తీసుకునే వ్యక్తి సేకరించిన పరిశోధకుడు కాకపోవచ్చు. ‘కొత్త సంచయం 2’ అన్న పేరు చూసి, అందులో మరొకచోట లేని ధ్వనిముద్రణలు ఉన్నాయని అతడు ఊహించలేడు.

8. ముగింపు

‘డిస్కు నిండింది’ అన్నది నిర్ధారణ కాదు, ఫిర్యాదు. ఖండాలు, ఐనోడ్లు, తెరిచి ఉన్న పేరులేని దస్త్రాలు, కేటాయింపులు, మరుగున పడిన సంచయాలు ఈ ఒక్క ఫిర్యాదుగానే బయటపడతాయి. వీటిలో తొలగింపు నేరుగా పరిష్కారమయ్యేది మొదటి స్థితిలో మాత్రమే. అక్కడ కూడా ఏది తొలగించాలన్నది పాఠం విలువ తెలిసినవారు నిర్ణయించవలసిన విషయం. కాబట్టి సర్వర్ నిర్వహణను పూర్తిగా సాంకేతిక సిబ్బందికి వదిలివేయడం తెలుగు శాఖలకు శ్రేయస్కరం కాదు. డీఎఫ్, డీయూ లెక్కలు చదవగలగడం నేటి పరిశోధకునికి గ్రంథసూచి చదవగలగడమంత అవసరం. పరిశోధన పద్ధతుల బోధనలో ప్రతుల సేకరణ, పాఠపరిష్కరణ అంశాలతో పాటు డిజిటల్ పాఠరక్షణకు కూడా కొన్ని తరగతులు కేటాయించవలసిన ఆవశ్యకత ఉన్నది.